చల్లకొచ్చిన ముంత ఏమైంది?

తెలతెలవారుతుండగా పల్నాటి పల్లెల్లో ఒకప్పుడు కోడికూతతో పోటీపడి వినిపించేది... కవ్వం చప్పుడు! నరసరావుపేట నుంచి మాచర్ల దాకా పాడి ఉన్న ఇంట్లో ఆడవాళ్ల రోజు దాంతోనే మొదలయ్యేది.

వెన్న తీయడమంటే మాటలా? పిడకల దాలి మీద సన్నసెగన పాలు కాగి ఎర్రటి మీగడ కట్టాలి. రాత్రి తోడేస్తే తెల్లారేసరికి గడ్డపెరుగు. దాన్ని కుండలో పోసి, గుంజకు ఆనించిన కవ్వానికి తాడు చుట్టి, రెండు కొసలూ మార్చి మార్చి లాగుతూ చిలకాలి. కొవ్వు బిందువుల మీది పొర చిరిగి అవి ఒకదానికొకటి అంటుకుంటేనే వెన్న తేలుతుంది. వేడెక్కువైతే కొవ్వు మెత్తబడి ముద్దకట్టదు. పల్నాటి ఎండల సంగతి తెలిసిందేగా... అందుకే చీకటితోనే పని! వేసవిలో చన్నీళ్లు, చలికాలంలో గోరువెచ్చని నీళ్లు కలపడంలోని కిటుకూ ఇదే.

పాడి చుట్టూ నమ్మకాలూ ఎక్కువే. దీపాలు పెట్టాక పాలు, పెరుగు బయటికివ్వరు... లక్ష్మి వెళ్లిపోతుందని! ఎక్కడో ఐర్లండ్ పల్లెల్లోనూ మే 1న పాలు బయటికిచ్చేవారు కాదు. ఇస్తే ఆ ఏడంతా వెన్న పడదని భయం. చిలికేటప్పుడు ఇంటికెవరైనా వస్తే వాళ్లూ ఓ చెయ్యి వేయాల్సిందే! ఇక కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. శివభక్తురాలైన గొల్లభామ కుండను కాకి ఒలకబోస్తే ఆమె శపించిందని కథ.

1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లొచ్చాయి. 1970లో దేశంలో శ్వేత విప్లవం మొదలైంది. పాలకేంద్రాలు ఊళ్లలోకొచ్చాయి. ఇప్పుడు వెన్నను లెక్కగట్టేది యంత్రం. కొవ్వు శాతాన్ని బట్టే లీటరు ధర. గేదెపాలలో అది 6 నుంచి 8 దాకా ఉంటుంది కాబట్టి డబ్బులూ బాగానే వస్తాయి. పిల్లల ఫీజులకూ, ఇంటి ఖర్చులకూ అవే ఆసరా. తెల్లారుజామున రెక్కలు విరిగే పనీ తప్పింది.

మరి పోయిందేమిటి? చల్ల! వెన్న తీశాక మిగిలిన చల్లను అమ్మడం తప్పుగా ఎంచేవారు. పాడిలేని ఇళ్లవాళ్లు ముంత పట్టుకొస్తే ఊరికే పోసేవారు. కూలికెళ్లే కుటుంబానికి మధ్యాహ్నం అన్నంలోకి అదే ఆధారం. పాలు పొద్దున్నే క్యాన్లలో వెళ్లిపోయాక పోయడానికి చల్లేదీ?

‘చల్లకొచ్చి ముంత దాచడమెందుకు’ అని సామెత. ఇప్పుడు దుకాణంలో మజ్జిగ ప్యాకెట్ దొరుకుతుంది. దానికి ముంతక్కర్లేదు. డబ్బులుంటే చాలు!