పొలంలో పైరు లేనప్పుడు టైడాలో ఏం తింటారు?

మాఘం వచ్చేసరికి, విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలోని టైడా చుట్టుపక్కల కొండపోడు చాలావరకు ఖాళీ. మళ్లీ విత్తాలంటే తొలకరి పడాలి. మరి అన్నాళ్లూ తిండి ఎలా?

చోళ్లున్నాయిగా! అవేనండీ, రాగులు. గింజ చిన్నది, పైపొర గట్టిది. బాగా ఎండబెడితే పురుగు తేలిగ్గా పట్టదు, ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. పిండిని నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచితే, కంటికి కనిపించని బ్యాక్టీరియా అందులోని చక్కెరలను ఆమ్లంగా మారుస్తుంది. పొద్దున కాచిన అంబలికి కమ్మని పులుపు అందుకే.

చింతపండు దులిపేదీ ఈ రోజుల్లోనే. ఇంటికి ఉంచుకుని మిగతాది అమ్ముతారు. కొనడానికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది.

మామిడి పిందెలు ఊరిస్తున్నా, ‘మామిడి కొత్త’ పండుగ దాకా చాలా ఊళ్లలో ముట్టరు. కాయ ముదరాలిగా, తెలివైన కట్టుబాటే! తిన్నాక టెంకనీ వదలరు: లోపలి జీడిని ఎండబెట్టి, నానబెట్టి వగరు పోగొట్టి, వానాకాలంలో అంబలి కాస్తారు.