డెలిట్జ్ పట్టణము: సహకారమునకు ఒక పుట్టినిల్లు

మన గ్రామములలో సహకార పరపతి సంఘమును ఎరుగనివారు అరుదు. పంచాయతీ సభ్యులలో పెక్కుమంది ఆ సంఘమునందును సభ్యులే. వాటాధనము చెల్లించుట, సర్వసభ్య సమావేశమున ఓటు వేయుట, ఋణము పొంది గడువునకు తీర్చుట మనకు అలవాటైన పనులు. ఈ పద్ధతులు రూపుదిద్దుకొన్న తావులలో ఒకటి జర్మనీ దేశమునందలి డెలిట్జ్ అను చిన్న పట్టణము. దాని చరిత్రను తెలిసికొనుట మనకు ఉపయుక్తము.

డెలిట్జ్ శాక్సనీ రాష్ట్రమున, లైప్‌జిగ్ నగరమునకు ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున, లోబర్ అను చిన్న యేటి ఒడ్డున ఉన్నది. జనసంఖ్య సుమారు 25 వేలు. ఈ ఊరి పేరు మొదటిసారిగా 1166వ సంవత్సరమున వ్రాతలకెక్కినది. పాత ఊరిని చుట్టియున్న ప్రాకారము, అగడ్త చాలభాగము నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నవి. రెండు ఎత్తయిన బురుజులు దూరమునుండియే కన్పట్టును. పీటర్, పాల్ అను పునీతుల పేరిట వెలసిన పాత చర్చి ఊరి నడుమ కలదు. పూర్వము చుట్టును నీరు గల కోటగా ఉన్న కట్టడము 17వ శతాబ్దమున రాజభవనముగా మార్పుచెందెను. శాక్సనీ-మెర్సెబర్గ్ ప్రభువుల వితంతు పత్నులు అందు నివసించిరి. ఇప్పుడది ప్రదర్శనశాల, దానిని ఆనుకొని అందమైన ఉద్యానవనము కలదు. సూక్ష్మజీవులను పరిశోధించి ఖ్యాతిగాంచిన ఎహ్రెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు 1795లో ఈ ఊరనే జన్మించెను.

అయినను ఈ ఊరి పేరును దేశదేశములకు చాటినవాడు హెర్మన్ షుల్జ్. ఆయన 1808లో ఇచట జన్మించి, న్యాయశాస్త్రము చదివి, 1841 నుండి ఈ ఊరనే న్యాయాధికారిగా పనిచేసెను. 1846, 1847 సంవత్సరములలో పంటలు దెబ్బతిని ధాన్యపు ధరలు మిన్నుముట్టగా, ఆయన పిండిమరను, రొట్టెల బట్టీని నడిపించి పేదలకు ఆహారము అందజేసెను. 1848లో ప్రష్యా శాసనసభకు ఎన్నికయ్యెను. ఆ సభలో షుల్జ్ అను పేరుగలవారు పలువురుండుటచే, గుర్తింపు కొరకు ఆయన పేరునకు ఊరిపేరు చేర్చి షుల్జ్-డెలిట్జ్ అని పిలిచిరి.

ఆ కాలమున చేతిపనులవారి స్థితి దుర్భరముగా ఉండెను. చెప్పులు కుట్టువాడు తోలును అరువుపై కొద్దికొద్దిగా, హెచ్చు ధరకు కొనవలసివచ్చెడిది. అందుచే ఎంత శ్రమించినను అప్పు తీరెడిది కాదు. 1849లో షుల్జ్ ప్రోత్సాహమున ఈ పనివారు ఒక సంఘముగా కూడి, తోలును టోకున కొని పంచుకొనసాగిరి. 1850లో ఆయన ఋణములిచ్చు సంఘమును స్థాపించెను.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ ఋణసంఘము మొదట సంపన్నుల విరాళములపై ఆధారపడెను. దానధర్మములతో నడచు సంఘమున సభ్యునకు బాధ్యత తక్కువ. దాత చేయి ముడుచుకొన్నచో సంఘము నిలువదు. పొరుగున ఉన్న ఐలెన్‌బర్గ్ పట్టణమున అదే యేట ఏర్పడిన సంఘము మాత్రము సభ్యుల సొంత ధనముతో, అందరి ఉమ్మడి పూచీతో నడచి వృద్ధిచెందెను. షుల్జ్ ఈ భేదమును గ్రహించి, 1852లో తన సంఘమును ఆ విధముగానే సవరించెను. మెలకువ పొరుగూరిదైనను స్వీకరించుటకు ఆయన సంకోచింపలేదు. ప్రతి సభ్యుడును వాటాదారు. అందరి పూచీపై బయటి సొమ్ము సమకూరును. లాభము వాటాదారులకే చెందును. ఆయన కృషి ఫలితముగా 1867లో ప్రష్యాలో సహకార సంఘముల శాసనము వెలువడెను. ఆయన 1883లో మరణించెను.

గ్రామీణులకొరకు రైఫైజన్ అను మరియొక జర్మను మహాశయుడు ఇట్టి సంఘములనే నెలకొల్పెను. ఈ ఇరువురి పద్ధతులకును మనకును సంబంధము కలదు. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున, ఆ ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని ఐరోపా ఋణసంఘములను పరిశీలింప నియోగించెను. ఆయన నివేదికలు 1895లోను, 1897లోను వెలువడెను. పిదప 1904లో భారత సహకార పరపతి సంఘముల చట్టము అమలులోనికి వచ్చెను.

చెప్పులు కుట్టువారు సంఘముగా కూడిన యిల్లు డెలిట్జ్‌లో నేటికిని కలదు. 1992 నుండి అది షుల్జ్ స్మారక ప్రదర్శనశాల. సహకార సంఘముల భావనను, ఆచరణను యునెస్కో 2016లో మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది.

సంఘపు బాకీల పట్టిక చదువునపుడు పంచాయతీ సభ్యులు ఈ ఊరిని స్మరింతురు గాక. బయటి సహాయము సంఘమునకు ఊతకర్ర మాత్రమే. నడువవలసిన కాళ్ళు సభ్యులవే. గడువు దాటిన ప్రతి బాకీయు పొరుగు రైతుకు అందవలసిన ఋణమును ఆపుచున్నది. ఈ సత్యమును డెలిట్జ్ వాసులు రెండేండ్ల అనుభవముతో నేర్చిరి.