వార్తల్లో పదం: యూనిఫైడ్ కమాండ్

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో చెలరేగిన పాలిసేడ్స్ కార్చిచ్చు వార్తల్లో ఈ మాట తరచూ వినిపించింది. నగర, కౌంటీ, రాష్ట్ర అగ్నిమాపక శాఖల అధికారులు ఒకేచోట కూర్చుని, ఒకే ప్రణాళికతో మంటలపై పోరాడే పద్ధతి ఇది. ఎవరి అధికారాలు వారివే, లక్ష్యాలు మాత్రం ఉమ్మడివి.

దీని వెనక చేదు అనుభవం ఉంది. 1970లో కాలిఫోర్నియా కార్చిచ్చులు 13 రోజుల్లో 16 మందిని బలిగొన్నాయి. సాయానికి వచ్చిన శాఖల రేడియోలు కలవలేదు, హోదాల పేర్లు కలవలేదు. ఎవరి ఆదేశం పాటించాలో స్పష్టత లేదు. ఆ తర్వాత మొదలైన 'ఫైర్‌స్కోప్' కార్యక్రమం ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్‌ను రూపొందించింది. యూనిఫైడ్ కమాండ్ అందులో భాగమే. ప్రతి ఒక్కరికీ ఒక్కరే పైఅధికారి. ఒక అధికారి కింద ముగ్గురి నుంచి ఏడుగురి వరకే. అందరికీ ఒకే పరిభాష. అయితే అసలు బలం ఉమ్మడి శిక్షణదే. మంటలు లేని నెలల్లో కలిసి కసరత్తు చేసినవాళ్లే మంటల మధ్య ఒకరినొకరు నమ్మగలరు.

ఈ పద్ధతినే మనకు అనువుగా మలిచి, జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లాలో బాధ్యత కలెక్టర్‌ది. ఇక మన అడవుల్లో మంటల విషయానికొస్తే, ఉపగ్రహాలు పసిగట్టిన సమాచారాన్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అటవీ సిబ్బంది ఫోన్లకు పంపుతోంది.