రోడ్డు వెడల్పు కంటే ముందు బండికీ బండికీ ఎడం చూడాల

కర్నూలు దాటి డోన్ దిక్కు పోయే 44వ నంబరు హైవే మీద పండగ సెలవులప్పుడు ఒక్కోసారి బండ్లన్నీ నిలబడిపోతాయి. ముందర యాక్సిడెంటు ఉండదు, టోల్‌గేటు ఉండదు. కొంచేపటికి వాటంతట అవే కదులుతాయి. "రోడ్డు సాల్లేదు, ఇంకా వెడల్పు చేయాల" అంటారు మనోళ్లు. వెడల్పంటే మళ్లా పోయేది రైతు భూమే. అందుకే ఈ జామ్ యాడ పుడుతాందో మనం తెలుసుకోవాల.

జపాన్ శాస్త్రవేత్తల ప్రయోగం ఒకటి 2008లో అచ్చయింది. 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. ఏ అడ్డమూ లేదు, అయినా జామ్ పుట్టింది. ముందరోడు రవ్వంత బ్రేకు కొడితే యెనకోడు ఇంకొంచెం ఎక్కువ కొడతాడు, వాని యెనకోడు ఇంకా గట్టిగా. ఆ బ్రేకు అల మాదిరి యెనక్కి పాకుతాది. చివరోడు పూర్తిగా ఆగిపోతాడు.

2016లో అమెరికాలోని అరిజోనాలో ఇట్లాంటి గుండ్రటి దారి మీదనే ఇరవై చిల్లర బండ్లు నడిపి, ఒక్కదాని వేగం మాత్రం మిషన్‌కు అప్పజెప్పినారు. అది ఉరకదు, ఉన్నట్టుండి ఆగదు, ఎడం ఉంచుకుని నిదానంగా పోతాది. ఆ ఒక్క బండే అలను అణిచేసింది. 2022 నవంబరులో నాష్‌విల్ దగ్గర నిజమైన హైవే మీద 100 కార్లతో ఈ పద్ధతిని పరీక్షించినారు. డ్రైవరు సీట్లోనే ఉంటాడు, స్టీరింగు ఆయన చేతుల్లోనే. వేగం, ఎడం మాత్రం మిషన్ చూసుకుంటాది.

మన కొత్త కార్లలో కూడా 'అడాస్' పేరుతో ఇట్లాంటి ఏర్పాటు వస్తాంది. అది కొంటే జామ్ తగ్గిపోతాదనుకోవద్దు. అమెరికాలో షోరూంలో అమ్మే ఏడు రకాల కార్లను పరీక్షిస్తే, వాటి మిషన్ అలను తగ్గించేది పోయి పెంచుతాందని తేలింది. మిషన్ ఉండడం కాదు, అది ఎట్ల నడుస్తాందనేదే అసలు సంగతి.

ఇంగ నంద్యాల, కడప మీదుగా పోయే 40వ నంబరు హైవే సంగతి చూడండి. ట్రాక్టరు, ఆటో, గొర్రెల మంద అన్నీ ఆ దారినే. ఎడం ఇడిస్తే ఆటో దూరుతాది, మిషన్ మళ్లా బ్రేకు కొడతాది. ఇది ముందు పనికొచ్చేది, యాడంటే ఆడ ఎక్కడానికి వీల్లేని రోడ్డు మీద. కడప జిల్లా గుండా పోయే కొత్త బెంగళూరు-విజయవాడ ఎక్స్‌ప్రెస్‌వే అట్లాంటిదే.

నేననేది మూడు మాటలు. ఒకటి, బండి అమ్మకముందే దాని మిషన్ అలను అణుస్తాదా, పెంచుతాదా అని సర్కారు పరీక్ష పెట్టాల. రెండు, ఇది ఖరీదైన కార్ల సోకుగా మిగలకూడదు. పగలూ రాత్రీ హైవే మీదుండే లారీలకు, ఆర్టీసీ బస్సులకు ముందు రావాల. మూడు, డ్రైవర్ల బతుకు. పనులు పోతాయి కాబట్టి డ్రైవర్ లేని కార్లను రానియ్యమని కేంద్రమంత్రి గడ్కరీ 2023లో చెప్పినారు. మంచిదే. కానీ సగం పని మిషన్ చేస్తాంది గదా అని ఓనరు ఇంకో నాలుగు గంటలు డ్యూటీ ఎక్కిస్తే? కాలికి పని తగ్గినా కన్నుకు తగ్గదు. మిషన్ బిగించే రోజే డ్యూటీ గంటలకు హద్దు కూడా కాగితం మీద రాయాల.