జానెడు కుంగిన యంత్రం

సర్వే శాఖలో కోణాలు కొలిచే థియోడొలైట్ మోసి రిటైరైనవాణ్ణి. ఖగోళ చరిత్ర చదువుతుంటే అందరికీ నక్షత్రాలు కనిపిస్తాయేమో గానీ, నా కన్ను పునాదుల మీదికి పోతుంది. అందుకే పర్షియా పండితుల్లో ఒమర్ ఖయ్యాం కంటే ఖుజందీ అంటే నాకు మక్కువ.

అబూ మహమూద్ ఖుజందీ 994లో, నేటి టెహ్రాన్ పక్కనున్న రయ్ నగరం దగ్గర, ఒక చీకటి కట్టడంలోంచి సూర్యుణ్ణి కొలిచాడు. డబ్బు పాలకుడు ఫఖ్రుద్దౌలాది, యంత్రానికి పేరూ ఆయనదే. ఉత్తర దక్షిణాలుగా రెండు గోడలు, పైన చిన్న రంధ్రం, కింద 20 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తంలో ఆరో వంతు చాపం. మధ్యాహ్నం వెలుగు బిళ్ళ చాపం మీద ఎక్కడ పడిందో చూస్తే సూర్యుడి ఎత్తు తెలుస్తుంది.

ఇంత పెద్ద యంత్రం ఎందుకంటే, ఆ చాపం మీద ఒక డిగ్రీ 35 సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని 360 భాగాలు చేస్తే గీతకీ గీతకీ మధ్య ఇంచుమించు మిల్లీమీటరు, అంటే 10 సెకన్ల కోణం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా థియోడొలైట్ వెర్నియర్ చూపింది 20 సెకన్లే! కాకపోతే వెలుగు బిళ్ళ జానెడు వెడల్పు, అంచులు మసక. దాని నడిమధ్య పట్టుకోవడంలోనే ఉంది పనితనమంతా.

జూన్‌లో సూర్యుడు అన్నిటికంటే ఎత్తెక్కే రోజుకీ, డిసెంబరులో బాగా దిగే రోజుకీ మధ్య ఎత్తు తేడాలో సగమే సూర్యమార్గపు వంపు. మన ఖగోళ సిద్ధాంతాలు పరమక్రాంతి అన్నదీ దీన్నే. మనవాళ్ళ లెక్క 24 డిగ్రీలు, గ్రీకు పండితుడు టాలెమీది సుమారు 23 డిగ్రీల 51 నిమిషాలు. ఖుజందీకి వచ్చింది 23 డిగ్రీల 32 నిమిషాల 19 సెకన్లు. మూడూ పక్కపక్కన పెట్టి, ఈ వంపు కాలంతో తగ్గుతోందన్నాడు.

పాత కొలతల్లో తప్పులున్నా ఆయన మాట నిజమే. వంపు నూరేళ్ళకు దాదాపు 47 సెకన్లు తగ్గుతోంది. ఆయన అంకె మాత్రం రెండు నిమిషాలు తక్కువ. రంధ్రమున్న వైపు కట్టడం జానెడు కుంగడమే కారణమని పండితుడు బిరూనీ రాశాడు. పెద్దది కడితే కొలత సన్నబడుతుంది, బరువుకు నేల దిగుతుంది. సర్వేయరుకు ఇది కొత్త సంగతేం కాదు.

తర్వాత సమర్‌ఖండ్‌లో అక్కడి పాలకుడు ఉలుగ్ బేగ్ ఇదే నమూనాను రెట్టింపు కొలతతో కట్టాడు. జైపూర్ జంతర్ మంతర్‌లోని షష్ఠాంశ యంత్రమూ ఈ వంశానిదే. అటు వెళితే మిట్టమధ్యాహ్నానికి చేరుకోండి, వేరే వేళ వెళితే చూడటానికేమీ ఉండదు.