కమిలిన తోలుకు ముందుగాల నీళ్లు, ఆ తర్వాతనే కలబంద

‘మనయి ఎండల ముదిరిన పానాలు, మనకు ఎండ ఏం జేస్తది?’ అనే మాట నాకు ఏ ఊరికి పోయినా ఇనవడ్తది. చెరువు పూడిక తీసేకాడ అంటరు, మిర్చి ఏరేకాడ అంటరు, తునికాకు కట్టలు కట్టేకాడ అంటరు. రాత్రి పండుకునేటప్పుడు మాత్రం అదే మనిషి మెడ మీద చెయ్యి పెట్టనియ్యడు. అంగి తగిలితే సుత మంట అంటడు. అంటే ఎండ చెయ్యాల్సింది చేసిందన్నట్టే గదా.

ఇగ ఫోన్ తెరిస్తే ఇంకో తమాష. కమిలితే నిమ్మకాయ రుద్దుమని ఒక రీల్, వంట సోడా పెట్టుమని ఒక రీల్, టూత్‌పేస్టు పుయ్యమని ఇంకో రీల్. పైన ‘నాటు మందు, సైడ్ ఎఫెక్ట్ లేదు’ అని రాత. తమ్ముళ్లు, చెల్లెళ్లు, నాటు మందు మీద నాకు కోపం లేదు. మన పెరట్ల, వంటింట్ల పనికొచ్చేవి ఉన్నయి. కాకపోతే ఏది ఎప్పుడు పెట్టాలె, ఏది ఎందుకు పెట్టొద్దు అన్నది తెలిసి వాడాలె.

కమిలేది వేడికి కాదు

ఎండల వెలుగు, వేడి ఒక్కటే కాదు, కంటికి కనవడని అతినీలలోహిత కిరణాలు సుత ఉంటయి. తోలును కమిలించేది అవే. పల్చటి మబ్బులకెళ్లి అవి దూరి వస్తయి. అందుకే చల్లగాలి కొట్టే పొద్దు గూడ కమిలిపోతం. యాసంగి నాట్లేసే ఆడోళ్లకు పైనుంచి పడే ఎండకు తోడు, మడిల నీళ్ల మీదికెళ్లి కొంత తిరిగొచ్చి మొకానికి కొడ్తది.

ఈ కిరణాలు తోలు కణాల లోపటి డీఎన్‌ఏను దెబ్బతీస్తయి. దాన్ని బాగు చేసుకోనీకి ఒళ్లు అక్కడికి నెత్తురు ఎక్కువ పంపుతది. అందుకే వేడి, వాపు, మంట. ఇది వెంటనే తెల్వదు. ఎండల ఉన్న కొన్ని గంటలకు షురువైతది, 12 నుంచి 24 గంటల నడుమ బాగా ముదురుతది. నాలుగైదు రోజులకు పొట్టు లేస్తది. పొద్దున పనికి పోయినోనికి రాత్రి మంట లేచేది అందుకే.

మన నల్ల తోలుల మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ. అది కొంత కాపాడే మాట నిజమే. కొంతనే, మొత్తం కాదు. ‘కమిలితే తోలు ఎర్రగైతది’ అని పుస్తకాలల్ల రాసిన గుర్తు తెల్ల తోలును చూసి రాసింది. మన మీద ఆ ఎరుపు కనవడకపోవచ్చు. మనం రంగును కాదు, స్పర్శను చూడాలె. చెయ్యి ఎనుక వైపు ఆనిస్తే ఆ జాగ వేడిగ తగులుతదా, తోలు బిగుసుకపోయినట్టు ఉన్నదా, నీళ్లు పోస్తే చుర్రుమంటదా? అయితే కమిలినట్టే. తర్వాత ఆ జాగ నల్లబడి వారాల కొద్ది ఉంటది.

ఏది ముందు, ఏది ఎనుక

మొదటి మందు నీళ్లు. ముందుగాల నీడకు రావాలె. పల్చటి నూలు బట్ట కుండ నీళ్లల్ల ముంచి, పిండి, కమిలినకాడ పది పదిహేను నిమిషాలు పరవాలె. ఆరితే మల్ల ముంచాలె. రోజుకు నాలుగైదుసార్లు చెయ్యొచ్చు. ఐసు గడ్డ నేరుగ పెట్టొద్దు, దెబ్బతిన్న తోలును అది మల్ల కాలుస్తది. సబ్బు, పీచు రెండు మూడు రోజులు అటు పోనియ్యొద్దు. మిర్చి ఏరి వచ్చినోళ్లు చేతులు సబ్బుతోని బాగా కడుక్కున్నంకనే మొకం ముట్టుకోవాలె.

రెండోది కలబంద. దిష్టికని గుమ్మానికి వేలాడదీస్తం గదా, గదే. దాని లోపటి గుజ్జుల నూటికి 98 పాళ్లకు పైన నీళ్లే. అది ఆరుకుంట తోలు వేడిని గుంజుతది, తడిని పట్టి ఉంచుతది. మంట తగ్గుతది. అయితే తీసే పద్ధతి ఉన్నది. మట్టను కడిగి, కోసి, కోసిన దిక్కు కిందికి పెట్టి పావు గంట నిలవెట్టాలె. పసుపు పచ్చటి జిగట కారిపోతది. అది తోలుకు దురద పెడ్తది, కడుపులకు పోతే విరేచనాలైతయి. అది పోయినంక చెక్కు తీసి, తెల్లటి గుజ్జును ఒక్కసారి కడిగి, ముందుగాల మోచెయ్యి మడత కాడ జర్రంత రాసి ఒక పూట చూడాలె. దురద రాకపోతే కమిలినకాడ పల్చగ రాయాలె. దుకాణంల దొరికే ఆకుపచ్చ జెల్ కొంటే డబ్బా ఎనుక చదువుండ్రి. ఆల్కహాలు, సెంటు ఉంటే వద్దు.

మూడోది సల్ల. ఉప్పు ఎయ్యని చల్లటి సల్లల బట్ట ముంచి పది నిమిషాలు పరిచి, నీళ్లతోని కడిగెయ్యొచ్చు. హాయిగుంటది. అందుల మహిమేం లేదు, పని చేసేది చల్లదనమే. పొక్కులున్నకాడ, తోలు చిట్లినకాడ మాత్రం సల్ల, కలబంద, పసరు ఏదీ పెట్టొద్దు. క్రిములు పడ్తయి.

నాలుగోది కొబ్బరినూనె. మొదటి పూట వద్దు, మంట చల్లారినంకనే. పొట్టు లేసే రోజులల్ల పల్చగ రాస్తే తోలు మెత్తగుంటది. పొట్టును గుంజి తియ్యొద్దు.

లోపటికి పోయేది గూడ మందే. నీళ్లు, సల్ల, అంబలి తాగాలె. బాగా చెమట పోయి నీరసమైతే ఓఆర్‌ఎస్ పొట్లం మీద రాసినట్టే కలుపుకోవాలె, పెద్ద పొట్లం అయితే లీటరు నీళ్లకు ఒకటి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతది. నీళ్లు ఎండిపోయిన ఒంటికి నొప్పుల సూది వేయించుకునుడు కిడ్నీల మీదికి వస్తది. సూది పడందే రోగం పోదు అనే నమ్మకం ఇక్కడ పనికిరాదు.

పెట్టొద్దు అంటే పెట్టొద్దు

నిమ్మకాయ అన్నిటికంటె పాడు. నిమ్మరసం తోలు మీద ఉండంగ ఎండ తగిలితే ఆ రెండు కలిసి కొత్తగ పొక్కులు లేపుతయి. మచ్చలు నెలల కొద్ది పోవు. వంట సోడా, టూత్‌పేస్టు తోలును ఇంకింత మండిస్తయి. ముల్తానీ మట్టి ఆరుకుంట తోలును గుంజుతది, ఎండిన తోలు ఇంకింత ఎండుతది. పసుపు కొందరికి పడదు, పైగ పసుపు పూస్తే లోపట ఏమైతున్నదో కనవడదు.

ఇంకో ముచ్చట. తెల్లగైతరని మెడికల్ షాపులల్ల అమ్మే కొన్ని క్రీములల్ల స్టెరాయిడ్ ఉంటది. వాటితోని తోలు పల్చబడి ఎండకు తొందరగ మండుతది. 2018ల కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ కింద చేర్చింది, అంటే డాక్టర్ చీటి లేకుండ అమ్మొద్దు. నల్లగుండుడు రోగం కాదు. దానికి మందు అక్కరలేదు. అట్లనే జ్వరాలకు ఇచ్చే డాక్సీసైక్లిన్ గోళీలు వాడేటోళ్లను ఎండ మామూలు కంటె ఎక్కువ కమిలిస్తది. గోళీలు మీ అంతట మీరు ఆపొద్దు, ఎండకు దూరంగ ఉండాలె.

ఇంటి మందు ఆపేది ఎప్పుడు

పెద్ద పొక్కులు లేస్తే, మొకం వాస్తే, చలి జ్వరం వస్తే, వాంతులైతే, చీము పడితే, కమిలింది ఏడాది లోపు పసిపోరగాడైతే దవఖానకు పోవాలె. పొక్కులు పగులగొట్టొద్దు. మనిషి తిక్కతిక్క మాట్లాడినా, పడిపోయినా అది వడదెబ్బ. 108కి ఫోన్ కొట్టి, నీడకు తెచ్చి, ఒళ్లంత తడిపి గాలి విసరాలె. తెలివి లేనోళ్ల నోట్ల నీళ్లు పొయ్యొద్దు.

నీడ ఎవలు ఇయ్యాలె?

కలబంద మంట తగ్గిస్తది. లోపల తెగిన డీఎన్‌ఏను మాత్రం అతకదు. అందుకే కమిలినంక పూసే పూత కంటె కమలకుండ చూసుకునుడే పెద్ద మందు. మన ఆడోళ్లు చీర మీద మగోళ్ల పాత ఫుల్ షర్టు తొడుక్కొని చేనుకు పోతరు. నవ్వేటోళ్లు నవ్వనీ, అది మంచి తెలివి. నెత్తికి, చెవులకు, మెడకు రుమాలు సుట్టుకోవాలె. గడియారం లేకున్నా ఒక లెక్క ఉన్నది. మీ నీడ మీ కంటె పొట్టిగున్నదంటే ఎండ కమిలించేటంత గట్టిగున్నట్టు.

కానీ కూలి మనిషి తన నీడను చూసుకొని ఇంటికి పోగలడా? పోతే కూలి పోతది. అందుకే ఇది ఒక్క తోలు ముచ్చట కాదు, హక్కు ముచ్చట. 2005ల తెచ్చిన ఉపాధి హామీ చట్టంలనే పని జాగల తాగే నీళ్లు, పిల్లలకు నీడ, పనోళ్లకు ఆరాం తీసుకునే తావు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉండాలె అని రాసిన్రు. నేను చూసిన శానా పని జాగలల్ల చెట్టు ఉంటే నీడ, లేకుంటే లేదు. 2025 ఏప్రిల్ల తెలంగాణ సర్కారు వడదెబ్బను రాష్ట్ర విపత్తుగ గుర్తించి, సచ్చినోళ్ల కుటుంబానికి 4 లక్షల సాయం అన్నది. మంచిదే. సావుకు లెక్క కట్టిన సర్కారు, బతికున్నోనికి నాలుగు గుంజలు పాతి ఒక టార్పాలిన్ కట్టలేదా?

తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ చేతుల ఫోన్ ఉన్నది. నిమ్మకాయ రీల్ పంచుడు ఆపి, మీ అమ్మ పనిచేసేకాడ నీడ ఉన్నదో లేదో ఒక ఫోటో తియ్యుండ్రి. గ్రామసభల అది చూపెట్టి, పని పొద్దుగాల ఆరింటికి షురువై ఎండ ముదరకముందే అయిపోవాలె అని అడుగుండ్రి. పెరట్ల ఒక కలబంద మొక్క ఎట్లాగూ పెట్టుకుంటరు. పని జాగల నీడను గూడ గట్లనే పట్టుబట్టి పెట్టియ్యుండ్రి.