రోజూ తీసి పెట్టే ఆ ఒక్క తూటా.. అవసరానికి పేలుతుందా?

రాత్రి ఇంటికి రాగానే పిస్టల్ ఖాళీ చేసి బీరువాలో పెట్టి తాళం వేయడం, పొద్దున బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ నింపుకోవడం.. లైసెన్సు ఉన్న చాలామందికి ఇది అలవాటే. ఇంట్లో పిల్లలుంటే మంచి అలవాటు కూడా. అయితే ఇందులో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిక్కు ఉంది. ఛాంబర్ నుంచి తీసిన తూటాను మళ్లీ మ్యాగజైన్‌లో అన్నిటికంటే పైన పెడతారు. తెల్లారితే మళ్లీ అదే తూటా ఛాంబర్‌లోకి వెళుతుంది. రాత్రికి మళ్లీ అదే బయటికి వస్తుంది. వారానికి ఆరు రోజులే లెక్కేసుకున్నా ఏడాదికి 312 సార్లు!

అంటే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మొదట పేలాల్సిన తూటాయే అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తిన్న తూటా అన్నమాట.

లోపల జరిగేది ఇదీ

తూటా (ఉర్దూలో కార్తూస్) ఒకే ముక్క కాదు. ఇత్తడి గొట్టం, దాని మూతికి బిగించిన బుల్లెట్, లోపల మందు, అడుగున చిన్న బిళ్లలాంటి ప్రైమర్.. ఈ నాలుగూ కలిస్తేనే తూటా. మామూలు పిస్టల్ తూటాలో బుల్లెట్‌ను పట్టి ఉంచేది ప్రధానంగా ఆ గొట్టం మూతి బిగుతే.

స్లైడ్ లాగి వదిలినప్పుడు స్ప్రింగ్ బలానికి అది వేగంగా ముందుకొచ్చి, పై తూటాను మ్యాగజైన్ నుంచి తోస్తుంది. బుల్లెట్ ముక్కు ఛాంబర్ ముందున్న ఏటవాలు భాగానికి తగిలి, జారి లోపలికి పోతుంది. ఒకటి రెండుసార్లయితే ఏమీ కాదు. అదే దెబ్బ పదే పదే తగిలితే బుల్లెట్ కొద్దికొద్దిగా గొట్టంలోకి దిగిపోవచ్చు. షూటర్లు దీన్ని 'సెట్‌బ్యాక్' అంటారు.

బుల్లెట్ లోపలికి దిగితే మందు ఉన్న చోటు ఇరుకవుతుంది. ఇరుకు చోట మండిన మందు మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోర్ కాబట్టి సామాన్య లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనిపించేది .32 బోర్ పిస్టలే. దాని తూటా మొత్తం పొడవే సుమారు 25 మిల్లీమీటర్లు. అంత చిన్న తూటాలో ఒక్క మిల్లీమీటరు తగ్గినా అది చిన్న తేడా కాదు. పిస్టల్ పాతదైతే, తయారీలో లోపం ఉంటే ప్రమాదం మరింత ఎక్కువ.

రెండో సమస్య పైకి కనిపించదు. ప్రైమర్‌లో దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే రసాయనం పలుచని పొరలా ఉంటుంది. పదే పదే కుదుపులకు ఆ పొర చిట్లి రాలితే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు 'టిక్' మని శబ్దం తప్ప ఇంకేమీ రాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక పోలీసు అధికారికి సరిగ్గా ఇదే జరిగింది. ప్రాణాపాయ సమయంలో ఛాంబర్‌లో ఉన్న తూటా పేలలేదు. శిక్షణ గుర్తుండి, దాన్ని తీసేసి మరో తూటాతో బయటపడ్డాడు. పరీక్షిస్తే, అదే తూటాను పలుమార్లు ఎక్కించి దించడం వల్ల ప్రైమర్ లోపలి రసాయనం ఊడిపోయినట్టు తేలింది.

నెలకోసారి అయిదు నిమిషాలు

ముందు పిస్టల్ పూర్తిగా ఖాళీ చేయాలి. వరుస తప్పకూడదు. మొదట మ్యాగజైన్ బయటికి తీయాలి, తర్వాతే స్లైడ్ లాగాలి. ముందు స్లైడ్ లాగితే మ్యాగజైన్ నుంచి మరో తూటా ఛాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. ఖాళీ అయిందనుకుని ట్రిగ్గర్ నొక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు, తీసినవాళ్లు ఉన్నారు. గొట్టం ఎప్పుడూ మనిషి లేని వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. చివర్లో ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

బయటికి ఎగిరే తూటాను స్టయిల్‌గా అరచేత్తో పట్టుకోవడం కొందరికి సరదా. తూటా ఇరుక్కుని ప్రైమర్‌కు లోపలి ఇనుము తగిలితే అది చేతిలోనే పేలుతుంది. కింద దుప్పటి పరచి దాని మీద పడనిస్తే సరి.

తూటాలన్నీ తీశాక చదునైన బల్ల మీద వరుసగా నిలబెట్టాలి. పక్కన అదే డబ్బాలోని ఎక్కించని కొత్త తూటా ఒకటి ఉంచాలి. కళ్లను బల్ల ఎత్తుకు దించి చూస్తే పొట్టిది ఇట్టే తెలిసిపోతుంది. వర్నియర్ కాలిపర్ ఉంటే ఇంకా మేలు. పోల్చాల్సింది పుస్తకంలో రాసిన అంకెతో కాదు, అదే డబ్బాలోని కొత్త తూటాతో.

తర్వాత ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూడాలి. బుల్లెట్ వేలికి కదులుతోందా? ఇత్తడి మీద పగులు, సొట్ట, పచ్చటి చిలుము ఉన్నాయా? ప్రైమర్ మీద గుంట పడిందా? అంచు బాగా గీరుకుపోయిందా? వీటిలో ఏది కనిపించినా ఆ తూటా పక్కకే. లోపలికి దిగిన బుల్లెట్‌ను పటకారుతో లాగి సరిచేద్దామనుకోవడం పెద్ద పొరపాటు.

వరుస మార్చడం ఎలా?

ఛాంబర్‌లోకి ఎక్కిన ప్రతి తూటాకూ అడుగున పర్మనెంట్ మార్కర్‌తో ఒక చుక్క పెట్టాలి. రాత్రి తీసిన తూటాను పైన కాకుండా మ్యాగజైన్‌లో అన్నిటికంటే అడుగుకు పంపాలి. దెబ్బ అందరికీ పంచినట్టవుతుంది. రెండు మూడు చుక్కలు పడ్డ తూటాలను మోయడం మానేసి, రేంజ్‌లో సాధన కోసం విడిగా పెట్టుకోవాలి. అవి కూడా పొడవు తగ్గకుండా ఉంటేనే. అసలు అవసరం లేనిదే ఎక్కించి దించకపోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.

దెబ్బ తగలకూడదని తూటాను నేరుగా ఛాంబర్‌లో వేసి స్లైడ్ వదిలేసేవాళ్లూ ఉన్నారు. చాలా పిస్టళ్లలో దీనివల్ల తూటాను పట్టి లాగే కొక్కెం దెబ్బతింటుంది. మ్యాగజైన్ నుంచే ఎక్కించాలి.

.32 తూటాకు మరో ప్రత్యేకత ఉంది. దీని అడుగు అంచు గొట్టం కంటే కాస్త బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి పోతే రెండూ పెనవేసుకుని కదలకుండా ఇరుక్కుంటాయి. కాబట్టి ప్రతి తూటా అంచూ కింది దాని అంచుకు ముందే ఉందో లేదో చూసుకుంటూ నింపాలి.

చెమట, నూనె, తోలు

ఒంటికి ఆనుకుని ఉండే పిస్టల్‌కు చెమట తగులుతుంది. తూటాలను తోలు సంచిలో ఏళ్ల తరబడి ఉంచితే తోలులోని రసాయనాలకు ఇత్తడి చిలుము పడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే తూటాల మీద కొడితే అది ప్రైమర్‌లోకి ఇంకి పాడు చేయవచ్చు. తూటాలకు పొడి గుడ్డ చాలు, నూనె వద్దు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డులో పెట్టకూడదు. ఎన్నికలప్పుడు ఠాణాలో జమ చేసిన ఆయుధం తిరిగి తెచ్చుకున్నప్పుడు కూడా ఇదే తనిఖీ చేసుకోవాలి.

పక్కకు పెట్టిన వాటి సంగతి?

చెడిపోయిన తూటా కూడా చట్టం దృష్టిలో తూటాయే. చెత్తబుట్టలో, మూసీలో పారేయడానికి లేదు. లైసెన్సు ఉన్న డీలర్‌ను గానీ, ఠాణాను గానీ సంప్రదించి అప్పగించి, రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలి. రేపు లెక్క అడిగితే చూపించాల్సింది లైసెన్సుదారే.

'ఎలాగూ పాతవే కదా' అని బారాత్‌లో గాల్లోకి కాల్చేవాళ్లకు ఒక్క మాట. 2019లో సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపి ఇతరులను ప్రమాదంలోకి నెడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైకి పోయిన బుల్లెట్ ఎవరి డాబా మీద దిగుతుందో కాల్చినవాడికే తెలియదు. పైగా అది బల్ల మీద పొట్టిగా తేలిన తూటా అయితే మొదటి ప్రమాదం అతని చేతికే.